పునుగుపిల్లి, చీతా, యాళి: శేషాచలం చుట్టూ ఉన్నవీ, పోయినవీ, ఎన్నడూ లేనివీ

తిరుపతిలో ఏ మిద్దె మీదనో, ఏ నీళ్ల తొట్టి వెనకాలనో రాత్రిపూట వింత జంతువొకటి కనబడితే తెల్లారేసరికి దాని ఫొటో ఊరంతా తిరుగుతుంది. కింద రాసే మాట ఎప్పుడూ ఒకటే: పునుగుపిల్లి దొరికింది. ఫొటోను కాస్త పెద్దది చేసి తోక చూస్తే మాత్రం చాలాసార్లు అది మానుపిల్లి అని తేలుతుంది.

గుర్తుపట్టాలంటే తోకతోనే మొదలుపెట్టాలి. పునుగుపిల్లి తోక మీద నల్లటి పట్టీలు ఉంగరాలు తొడిగినట్టు వరసగా ఉంటాయి. లెక్కపెడితే ఆరు నుంచి తొమ్మిది దాకా వస్తాయి. ఒళ్లు బూడిద కలిసిన గోధుమ రంగు, వీపున పొడుగ్గా నల్లని చారలు, పక్కల్లో బారులు తీరిన చుక్కలు. మూతి సన్నం. చెవులు పొట్టిగా, నెత్తిమీద దగ్గర దగ్గరగా ఉంటాయి. బరువు రెండు నుంచి నాలుగు కిలోలు. మానుపిల్లి తోకకు ఉంగరాలే ఉండవు, కొస దాకా నల్లగా సాగిపోతుంది. ముఖాన ముసుగు కట్టుకున్నట్టు నల్లటి మచ్చ ఉంటుంది. పునుగుపిల్లిది నేలబారు బతుకు: పొదలు, గట్లు, కలుగులు. మానుపిల్లి పేరుకు తగ్గట్టు మానులెక్కుతుంది, పండ్లు తింటుంది, కల్లు ముంతలో మూతి పెడుతుంది, అటకల మీద కాపురం చేస్తుంది. ఊళ్లో మిద్దెల మీద ఎక్కువగా దొరికేది ఇదే కావడానికి కారణం అదే. ఇండోనేసియాలో జంతువు పేడలోంచి ఏరిన గింజలతో చేసే ఖరీదైన కాఫీ కథలోనూ ఉన్నది మానుపిల్లి జాతే గానీ పునుగుపిల్లి కాదు.

ఈ తేడా ఎందుకు అంత ముఖ్యం? తిరుమలలో ప్రతి శుక్రవారం అభిషేకం తరవాత మూలవిరాట్టుకు పునుగు తైలం పూయడం ఆనవాయితీ. ఆ పునుగు ఈ ఉంగరాల తోక జంతువుదే. తోక కింద, జననాంగాల దగ్గర దానికి ఒక గ్రంథి ఉంటుంది. ఆడదానికీ ఉంటుంది, మగదానికీ ఉంటుంది. తన పొలిమేర ఇదీ అని చెప్పుకోవడానికి రాళ్లకూ మొదళ్లకూ ఆ గ్రంథిని రుద్దుతుంది. పెంపకంలో ఉన్నప్పుడు గూట్లో చందనపు కర్ర నిలబెడితే దానికే రుద్దుకుంటుంది, ఆ జిగురును గీకి తీస్తారు. అప్పుడే తీసిన పునుగు లేత పసుపు రంగు ముద్దలా ఉంటుంది, గాలి తగిలే కొద్దీ నల్లబడుతుంది. దగ్గరగా వాసన చూస్తే ఘాటుగా, ముక్కు తిప్పుకునేట్టు ఉంటుంది. నూనెలో కొద్దిగా కలిపి పలచన చేస్తేనే అది పరిమళం. ఈ రెండు ముఖాలకూ కారణం అందులోని రసాయనాలు. మలం వాసనకు కారణమైన స్కటోల్ అందులోనే ఉంది, అసలు సుగంధమైన సివెటోన్ కూడా అందులోనే ఉంది. సివెటోన్‌లో 17 కార్బన్ పరమాణువులు చక్రంలా కూర్చుని ఉంటాయని 1926లో రుజువు చేసిన లియోపోల్డ్ రుజిచ్కాకు 1939లో రసాయనశాస్త్రంలో నోబెల్ బహుమతి దక్కింది. అంత పెద్ద చక్రాలు నిలబడవని అప్పటి రసాయనశాస్త్రం అనుకుంటుండేది.

కస్తూరి, పునుగు, జవ్వాజి అని మనవాళ్లు ఒకే ఊపిరిలో అంటారు గానీ కస్తూరి కథ వేరు. అది హిమాలయాల మగ కస్తూరి మృగం పొట్ట కింది తిత్తి, దానికోసం మృగాన్ని చంపుతూ వచ్చారు. పునుగుకు చంపాల్సిన పని లేదు. అలాగని అడవి నుంచి పట్టుకొచ్చి ఇంట్లో పెట్టుకోవడం కుదరదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ఒప్పుకోదు, జంతువూ ఒప్పుకోదు. ఇరుకు గూట్లో అది తిండి మానేస్తుంది, అటూ ఇటూ తిరిగి తిరిగి ఒళ్లు గాయం చేసుకుంటుంది, పిల్లలు పెట్టడం కష్టమవుతుంది.

ఈ పునుగుపిల్లి తంటా లాంటివే మన చుట్టుపక్కల జంతువుల తగాదాలన్నీ, మొదలు పేరులోనే ఉంటుంది. "అలాంటి జంతువు ఉందా, లేదా?" అని అడుగుతాం. జవాబులు మాత్రం మూడు: ఉంది, ఒకప్పుడు ఉండేది, ఎన్నడూ లేదు. ఉందని చెప్పడానికి ఒక్క ఫొటో చాలు. పోయిందని చెప్పాలంటే ఏళ్ల తరబడి వెతికి ఉండాలి. ఎన్నడూ లేదనాలంటే ఎముకల లెక్క, ఒంటి కట్టుబాటు రెండూ చూడాలి. పేరు తప్పితే మూడూ కలగాపులగం అవుతాయి. దేవాంగపిల్లినే చూడండి. పేరులో పిల్లి ఉంది, అది పిల్లి కాదు. కోతికీ మనకూ చుట్టం, ప్రైమేటు. తోక లేదు, పుల్లల్లాంటి కాళ్లు, ముఖమంతా కళ్లే. మొత్తం కలిపి పావు కిలో కాస్త అటూ ఇటూ. కుప్పం వైపు, శేషాచలం అడవుల్లో రాత్రిపూట కొమ్మల మీద మెల్లగా కదులుతూ పురుగులు ఏరుకు తింటుంది. దాని కళ్లతో మందు చేయొచ్చనీ, అది ఎదురైతే కీడనీ పుట్టించిన మాటలకు అది ప్రాణాలిస్తోంది.

చిరుత వేరు, చీతా వేరు

2023 ఆగస్టులో అలిపిరి నడకదారిలో చిరుత దాడికి ఒక చిన్నారి బలైంది. ఆ తరవాత భక్తుల చేతికి కర్రలిచ్చారు, మధ్యాహ్నం రెండు దాటాక చిన్నపిల్లల్ని నడకదారిలోకి పంపలేదు, బోన్లు పెట్టి చిరుతల్ని పట్టారు. ఆ రోజుల్లో ఎన్నో చోట్ల ఆ జంతువును చీతా అని రాశారు, పలికారు. తిరుమల అడవిలో చీతా లేదు. ఉన్నది చిరుతపులి.

చిరుత మచ్చలు పువ్వుల్లా ఉంటాయి: చుట్టూ నల్లటి రేకులు, నడుమ ముదురు పసుపు. చీతా మచ్చలు సిరాచుక్కల్లా నిండుగా, గుండ్రంగా ఉంటాయి. చీతాకు కంటి లోపలి కొస నుంచి నోటి దాకా కన్నీటి చారలాంటి నల్లగీత దిగుతుంది, చిరుతకు అది ఉండదు. చిరుత గోళ్లు పూర్తిగా లోపలికి ముడుచుకుంటాయి కాబట్టి బురదలో అడుగు పడితే గోటి గుర్తు కనబడదు. చీతా గోళ్లు పరుగులో నేలను పట్టుకోవడానికి ఎప్పుడూ కొంత బయటే ఉంటాయి, అడుగులో వాటి మొన తెలుస్తుంది. చిరుత మాటువేసి దగ్గర నుంచి దూకుతుంది, చెట్టెక్కుతుంది, కొండ, పొద, గుట్ట ఏదైనా సరే. చీతాకు కనుచూపుమేర బయలు కావాలి, అందులో కృష్ణజింకలు కావాలి. కొండదారి మెట్ల పక్కన కాచుకుని ఉండడం చీతా వల్ల అయ్యే పని కాదు.

నడకదారిలో ఏం చేయాలన్నది ఈ తేడా నుంచే వస్తుంది. మాటువేసే జంతువు ఎత్తు తక్కువగా, ఒంటరిగా, గుంపుకు ముందో వెనకో ఉన్నదాన్ని చూసుకుంటుంది. అందుకే పిల్లల్ని గుంపు నడుమ నడిపించాలి, పొద్దువాలాక ముందుకు పరుగెత్తనివ్వకూడదు. మిగిలిన తిండి దారి పక్కన పారేస్తే కుక్కలు, అడవిపందులు వస్తాయి, వాటి వెనకే చిరుత వస్తుంది.

ఇక చీతా సంగతి. మన దేశంలో చివరి మూడు చీతాల్ని 1947లో ఇప్పటి ఛత్తీస్‌గఢ్‌లోని కొరియా సంస్థానాధీశుడు కాల్చి చంపాడని, 1952లో ప్రభుత్వం చీతా అంతరించిందని ప్రకటించిందని అందరూ చెప్పేదే. చిత్తూరు వాళ్లు తెలుసుకోవాల్సిన ముక్క ఇంకొకటుంది. అదే 1952లో బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ పత్రికలో కె.ఎం. కిర్క్‌పాట్రిక్ ఒక చిన్న నోటు అచ్చువేశాడు, అప్పటి మద్రాసు రాష్ట్రంలోని చిత్తూరు జిల్లాలో చీతా కనబడిందని. దేశంలో అడవి చీతా గురించి అచ్చయిన ఆఖరి కబుర్లలో అదొకటి. చర్మం లేదు, పుర్రె లేదు, కంటితో చూసిన మాట మాత్రమే. అందుకే నిపుణులు దాన్ని కొరియా కళేబరాల పక్కన పెట్టరు, అలాగని కొట్టిపారేయరు కూడా. కనబడిన చోటు మాత్రం చీతాకు తగిందే. తంబళ్లపల్లె, పుంగనూరు వైపు రాతిబయళ్లు, ముళ్లపొదల మైదానాలు చూసినవాళ్లకు ఇది వింతగా తోచదు.

చీతా ఎలా పోయిందన్నది కేవలం తుపాకీ కథ కాదు. రాజులు చీతాల్ని వేటకు పెంచారు, కానీ ఆ వేటశాలల్లో బందీగా ఉన్న చీతా దాదాపు ఈనేది కాదు. తమ వేటశాలలో ఒకే ఒక్కసారి చీతా పిల్లల్ని పెట్టిందని జహంగీరు తన ఆత్మకథలో విడ్డూరంగా రాసుకున్నాడు. అంటే కావలసినప్పుడల్లా అడవి నుంచి ఎదిగిన చీతాల్నే పట్టుకురావాలి. వందల ఏళ్లు అలా తోడుకున్నాక, బయళ్లు దున్నకానికి పోయాక, కృష్ణజింకలు తగ్గాక తుపాకీకి మిగిలింది కొన్నే. 2022 సెప్టెంబర్ 17న మధ్యప్రదేశ్‌లోని కునోలో వదిలిన 8 చీతాలు నమీబియావి, ఆఫ్రికా జాతివి. మన నేల మీద తిరిగింది ఆసియా చీతా, అది ఇప్పుడు ఇరాన్‌లో కొద్దిగా మిగిలి ఉంది. కాబట్టి "చీతా తిరిగొచ్చింది" అన్న మాట సగమే నిజం.

పోయాయనుకున్నవి

ఒకచోట లేకుండా పోవడం, లోకంలోనే లేకుండా పోవడం ఒకటి కాదు. పలమనేరు, కుప్పం రైతులకు ఇది ఎవరూ చెప్పక్కర్లేదు. చిత్తూరు జిల్లాలో సుమారు రెండు వందల ఏళ్లు ఏనుగు లేదు. 1980ల్లో హోసూరు వైపు అడవుల నుంచి గుంపులు గుంపులుగా వచ్చాయి. 1990లో వాటికోసం కౌండిన్య అభయారణ్యం ఏర్పడింది, 357 చదరపు కిలోమీటర్ల పైచిలుకు. ఏనుగుకు రోజుకు నూరు కిలోలకు పైగా మేత, నూరు లీటర్లకు పైగా నీళ్లు కావాలి. కౌండిన్య సన్నగా పొడుగ్గా సాగే అడవి, అంచు ఎక్కువ, లోతు తక్కువ. ఏనుగు ఎటు నడిచినా కాసేపటికి చెరకు తోటో, మామిడి తోటో, అరటి తోటో తగులుతుంది. కందకం తవ్వితే రాతి చోట్ల లోతు రాదు, మట్టి చోట్ల వానకు గట్టు కూలి పూడిపోతుంది. సౌర కంచె పనిచేయాలంటే కంచె తీగకు పాదులు, గడ్డి అల్లుకోకుండా వారం వారం కోయాలి, లేకపోతే కరెంటు నేలలోకి పోతుంది. ఏనుగు దంతానికి కరెంటు తగలదు, దంతంతోనో ఎండుమానుతోనో కంచె నొక్కేయడం అవి త్వరగానే నేర్చుకుంటాయి. రైతు విసిగి ఇంటి కరెంటును నేరుగా తీగకు కలిపిన చోట ఏనుగూ చనిపోతుంది, ఒక్కోసారి పక్క పొలం మనిషీ చనిపోతాడు.

కడప జిల్లా లంకమల చుట్టూ కలివి పొదల్లో తిరిగే కలివికోడి అనే పక్షిది ఇంకో దారి. 1848లో శాస్త్రం దాన్ని నమోదు చేసింది. 1900 తరవాత ఎవరికీ కనబడలేదు. 86 ఏళ్లు పుస్తకాలు దాన్ని పోయినవాటి లెక్కలో వేశాయి. 1986 జనవరిలో బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ పరిశోధకుడు భరత్ భూషణ్ రెడ్డిపల్లె దగ్గర దాన్ని మళ్లీ చూశాడు. చూపించింది ఆ ఊరి పిట్టలు పట్టే ఐతన్న. పక్షిని వెతికినవాళ్లంతా అంతకుముందు పగలు వెతికారు, కలివికోడి రాత్రి తిరిగే పక్షి. రాత్రి బ్యాటరీ లైటుతో వెళ్లే ఊరివాళ్లకు అది ఏనాడూ అంతరించలేదు. ఒక జంతువు కనబడలేదని ఎవరైనా అంటే ఏ వేళలో వెతికారు, ఏ చోట, ఎన్నాళ్లు, అక్కడివాళ్లను అడిగారా అని తిరిగి అడగాలి. ఆ జవాబులు లేకుండా "అంతరించింది" అన్న మాట వాడడం తొందరపాటు.

మన సొంత బంగారు బల్లి కథ అదే దశాబ్దానిది. 1870లో కర్నల్ బెడ్డోమ్ అనే మద్రాసు అటవీ అధికారి తిరుపతి కొండల్లోని ఒక ఇరుకు లోయ నుంచి దీన్ని వర్ణించాడు. తరవాత నూరేళ్లకు పైగా మాట లేదు, 1980ల్లో మళ్లీ నమోదైంది. ఆ తరవాత వేలూరు వైపు, ఒడిశా దాకా తూర్పు కనుమల్లో ఇంకొన్ని చోట్ల దొరికింది. కంచి వరదరాజస్వామి గుడిలో తాకి వచ్చే బంగారు బల్లి పైకప్పుకు ఉన్న లోహపు బొమ్మ. ఆ బల్లిని తాకినవాళ్లను తాకితే బల్లిపాటు దోషం పోతుందని మన ఇళ్లలో ఇప్పటికీ పిలిచి తాకించుకుంటారు. బతికున్న బంగారు బల్లి వేరు, దానికీ ఆ నమ్మకానికీ ముడి లేదు.

తలకోన లాంటి చోట్ల జలపాతం పక్కన వంగిన పెద్ద బండల కింద, తేమ పట్టి చల్లగా ఉండే నెర్రెల్లో ఉంటుంది ఇది. పగలు చీలికలోంచి కదలదు. మసకపడ్డాక బండ మీదికి వస్తుంది. ఆడవీ పిల్లలూ బండ రంగులోనే కలిసిపోయే గోధుమ రంగు. ఈడొచ్చిన మగది జతకట్టే కాలంలో మాత్రం పసుపు కొమ్ము అరగదీసి పూసినట్టు మెరుస్తుంది. వేలి కొసల్లో జతలు జతలుగా వెడల్పాటి మెత్తలుంటాయి, ఆ మెత్తల బలంతో బండ కప్పుకు తలకిందులుగా నడుస్తుంది. గుడ్లు తెల్లగా, గుండ్రంగా, గట్టి పెంకుతో ఉంటాయి, పెట్టినప్పుడు జిగురుగా ఉండి రాతికి అతుక్కుంటాయి. చాలా ఆడబల్లులు ఒకే చోట పెడతాయి, బండ అడుగున బటానీలు అంటించినట్టు కనబడుతుంది. పిల్లలు వెళ్లిపోయాక పెంకు అడుగు తెల్లటి సున్నపు చుక్కలా రాతికి మిగులుతుంది. బల్లి కనబడని పగటిపూట ఆ చుక్కలే దాని చిరునామా. అందుకే జలపాతాల దగ్గర బండల మీద పేర్లు చెక్కడం, రంగు పూయడం, కింద వంట మంటలు వేయడం ఒక తరం గుడ్లను ఒక్కరోజులో తుడిచేసినంత పని.

కొండరాయి ఏం చెబుతుంది

శేషాచలంలో రాక్షసిబల్లుల ఎముకలు దొరుకుతాయా అని కుర్రాళ్లు అడుగుతుంటారు. దొరకవు, కారణం ఘాటురోడ్డు పక్కనే కనబడుతుంది. అడుగున ఉన్నది సుమారు 250 కోట్ల ఏళ్ల నాటి గ్రానైట్, దాని మీద పొరలు పొరలుగా కూర్చున్నది సుమారు 160 కోట్ల ఏళ్ల నాటి గట్టిపడిన ఇసుకరాయి, క్వార్ట్‌జైట్. రెండింటి నడుమ 80 కోట్ల ఏళ్లకు పైగా కాలం రాతిలో నమోదు కాకుండా పోయింది. ఆ అతుకును భూగర్భ సర్వే సంస్థ జాతీయ భూగర్భ స్మారకంగా గుర్తించింది. శిలాతోరణం కూడా ఆ క్వార్ట్‌జైట్‌లోంచి గాలి, నీరు చెక్కిందే. ఎముకా గవ్వా ఉన్న జంతువులు భూమ్మీదికి వచ్చి 60 కోట్ల ఏళ్లయినా కాలేదు. ఈ రాయి పుట్టేనాటికి వాటిలో ఏదీ లేదు. శేషాద్రి, గరుడాద్రి, వృషభాద్రి అని పాము పేరు, పక్షి పేరు, ఎద్దు పేరు పెట్టుకున్న ఈ కొండలు పాముకన్నా, పక్షికన్నా, ఎద్దుకన్నా నూరు కోట్ల ఏళ్లు పెద్దవి.

తెలుగు నేలలో రాక్షసిబల్లి కావాలంటే గోదావరి లోయకు పోవాలి. యామన్‌పల్లిలో దొరికిన కోటసారస్ అస్థిపంజరం హైదరాబాద్ బిర్లా సైన్స్ మ్యూజియంలో నిలబడి ఉంది. ఇటీవలి కాలపు పోయిన జంతువులు కావాలంటే దగ్గరే, కర్నూలు సీమలో బేతంచెర్ల పక్కన బిల్ల సొరంగం గుహలు. 1880ల్లో రాబర్ట్ బ్రూస్ ఫూట్ అక్కడ తవ్వించిన ఎముకల్లో ఖడ్గమృగం ఉంది, ఆ ఖడ్గమృగానికి లైడెకర్ అనే శాస్త్రవేత్త కర్నూలు పేరే పెట్టాడు. మన దేవాంగపిల్లి శాస్త్రనామంలో ఉన్నదీ ఆ లైడెకర్ పేరే. 2024లో ప్రకాశం జిల్లాలో దాదాపు 41,000 ఏళ్ల నాటి నిప్పుకోడి గూడు బయటపడింది, గుడ్డు పెంకులు వేల ముక్కలుగా. రాయలసీమ, దాని పక్క నేల మీద ఖడ్గమృగం మేసింది, నిప్పుకోడి గుడ్లు పెట్టింది. ఇది పురాణం కాదు, చేత్తో పట్టుకోగల సాక్ష్యం.

యాళి ఎందుకు ఎన్నడూ లేదు

జాతులు పూర్తిగా అంతరిస్తాయన్న సంగతే ఒకప్పుడు లోకం ఒప్పుకోలేదు. 1796లో ఫ్రాన్స్‌లో జార్జ్ క్యువియే ఆసియా ఏనుగు, ఆఫ్రికా ఏనుగు, సైబీరియాలో దొరికిన, మామత్ అనే ఏనుగులాంటి జంతువు దవడల్ని పక్కపక్కన పెట్టి, మూడోది మిగతా రెండూ కాదని, ఇప్పుడెక్కడా లేదని చూపించాడు. ఆయనే ఇంకో సూత్రం చెప్పాడు: ఒంట్లో ఏ అవయవమూ ఒంటరిగా ఉండదు. మాంసం కోసే పళ్లుంటే పట్టుకునే గోళ్లు ఉంటాయి, ఆ మాంసం అరిగించే పొట్టి పేగు ఉంటుంది. గడ్డి నమిలే పళ్లుంటే గిట్టలు, పొడుగాటి పేగు.

ఆ కొలబద్దతో యాళి ముందు నిలబడండి. విజయనగర కాలపు మంటపాల్లో, శ్రీకాళహస్తిలోనూ తిరుమలలోనూ, స్తంభానికి ఆనుకుని వెనక కాళ్ల మీద లేచి నిలబడి ఉంటుంది. ఒళ్లు సింహానిది, నడుం సన్నం, జూలు ముంగురుల్లా చుట్టలు చుట్టి ఉంటుంది. కళ్లు గుడ్లు మిటకరించినట్టు బయటికి పొడుచుకొస్తాయి. నోట్లోంచి కోరలు, ముక్కు చోట తొండం. తొండమంటే ముక్కూ పైపెదవీ కలిసి పెరిగిన ఎముక లేని కండ. బరువైన తల, పొట్టి మెడ వల్ల నోరు నేలకందని జంతువుకు అది చెయ్యి. సింహం నోటితోనే పట్టి మెడ కొరికి చంపుతుంది, దాని మూతికి అడ్డంగా తొండం వేలాడితే కొరకడమే కుదరదు. రెండింటిలో ఏదో ఒకటి వృథా. ఇంకో ఆధారం శిల్పంలోనే ఉంది. ఒక స్తంభం మీద యాళికి సింహం తల, పక్కదానికి ఏనుగు తల, ఆ పక్కదానికి గుర్రం తల. నిజంగా చూసిన జంతువైతే తల మారదు. అది శిల్పుల వ్యాకరణం, గుడి వాకిట బలాన్ని నిలబెట్టే పద్ధతి. నర్మదకు దక్షిణాన అడవి సింహాల జాడ చరిత్రలో దాదాపు లేదు. ఎరగని సింహాన్ని ఎరిగిన ఏనుగుతో, గుర్రంతో కలిపి చెక్కారని నాకు తోస్తుంది.

అబద్ధపు జంతువు కదా అని శిల్పి ఎక్కడా తేలిగ్గా తీసుకోలేదు. కొన్ని యాళి నోళ్లలో రాతి బంతి ఉంటుంది. వేలు పెట్టి తిప్పితే తిరుగుతుంది, బయటికి మాత్రం రాదు. అది తరవాత పెట్టింది కాదు. నోరు చెక్కేటప్పుడే కోరల సందుల్లోంచి సన్నటి ఉలితో లోపలి రాయిని కొంచెం కొంచెంగా తొలిచి, బంతిని చుట్టూ విడదీస్తారు. చివరి అతుకు తెగే దెబ్బ ఎక్కువైతే కోర విరుగుతుంది, రాయిలో కంటికి కనబడని చీలిక ఉంటే బంతి రెండు ముక్కలవుతుంది. అప్పుడు నోరంతా పాడైనట్టే. అందుకే ముందే రాయిని సుత్తితో తట్టి చూస్తారు. గంటలా మోగితే మంచి రాయి, బొంగురుగా పలికితే లోపల దోషం ఉన్నట్టు.

బ్రహ్మోత్సవాల వాహనాల్లో ఈ మూడు రకాలూ కలిసే ఊరేగుతాయి. గజం, అశ్వం మన కళ్లముందువి. మన దేశంలో సింహం ఇప్పుడు గుజరాత్‌లో మాత్రమే ఉంది, 2025 లెక్కల్లో 891. హంస అంటే కవులు చెప్పిన పాలూ నీళ్లూ వేరుచేసే పక్షి లేదు, కానీ శీతాకాలంలో హిమాలయాలు దాటి మన చెరువులకు దిగే, తలమీద రెండు నల్ల పట్టెలున్న బాతులున్నాయి. హంస అన్న మాట మొదట వీటినే అన్నదని చాలామంది పండితుల అభిప్రాయం. పెద్దశేషుడికి ఏడు పడగలు, చిన్నశేషుడికి ఐదు. నాగుపాము మెడ దగ్గరి పొడుగాటి పక్కటెముకల్ని పైకెత్తి చర్మాన్ని సాగదీస్తే పడగ అవుతుంది, కాబట్టి ఒక మెడకు ఒక పడగే. రెండు తలలతో పాముపిల్లలు అప్పుడప్పుడూ పుడతాయి. గుడ్డులో పిండం రెండుగా విడిపోబోయి మధ్యలో ఆగిపోతే అలా జరుగుతుంది. ఒక తల ఇటు, ఒక తల అటు లాగి అవి అడవిలో ఎక్కువ కాలం బతకవు. అచ్యుతదేవరాయల నాణేల మీద ఏనుగుల్ని ముక్కున కరుచుకున్న గండభేరుండం అనే రెండు తలల పక్షికీ అంతే, ఒక జీవికి రెండు తలలు పుట్టవచ్చు, అలాంటి జాతి ఉండదు.

రెండు తలల పాము అమ్మకం

ఈ రెండు తలల నమ్మకం మదనపల్లె, పీలేరు, పలమనేరు చేలల్లో పాముల ప్రాణాలు తీస్తోంది. శనక్కాయ చేలో, గెనిమ పక్కన గుల్ల మట్టిలో దొరికే ఎర్రటి లావుపాటి పామును రెండు తలల పాము అంటారు. దానికి ఉన్నది ఒకటే తల. తోక మొద్దుగా, తల ఎంత లావో అంత లావుగా తెగ్గొట్టినట్టు ముగుస్తుంది. బెదిరితే అసలు తలను చుట్టల కింద దాచి తోక కొస పైకెత్తి ఊపుతుంది. శత్రువు తోకను కరిస్తే ప్రాణం దక్కుతుంది, అదీ దాని ఉపాయం. ఆరు నెలలు ఇటు, ఆరు నెలలు అటు నడుస్తుందన్న మాట ఇందులోంచే పుట్టింది. కళ్లు వెతకండి. రెండు చిన్న కళ్లు, చీలిన నాలుక ఒకవైపే ఉంటాయి.

లక్షలు, కోట్లు పలుకుతుందని నమ్మించి దీన్ని అమ్మజూపే ముఠాలు బరువును బట్టి ధర చెబుతాయి. అందుకని పాముకు బలవంతంగా తిండి కుక్కుతారు, తోక కొసన వాతలు పెట్టి కళ్లు, నోరు ఉన్నట్టు చేస్తారు. పుండు పడి కొద్దిరోజుల్లో చస్తుంది. అమ్ముతానని వచ్చినవాడు చాలాసార్లు బయానా లాగి మాయమయ్యేవాడే. పట్టడం, దాచడం, అమ్మడం, కొనడం అన్నీ వన్యప్రాణి చట్టం కింద నేరాలే, జైలు తప్పదు. గుప్తనిధులు చూపిస్తుందన్నది వట్టిది. అది ఎలుకల బొక్కల్లో దూరి ఎలుకల్ని నలిపి తింటుంది, శనక్కాయ రైతుకు చేసే మేలు అదొక్కటే, అది చాలదా?

ఒక్క జాగ్రత్త మాత్రం ఖచ్చితంగా పాటించాలి. దీని దాయాది ఇంకొకటుంది, ఒంటిమీద ముదురు మచ్చలున్న మట్టిపాము. అది చూపుకు రక్తపింజరిలా ఉంటుంది. రక్తపింజరి మచ్చలు గొలుసులా విడివిడిగా మూడు వరసల్లో నిలువుగుడ్డు ఆకారంలో ఉంటాయి, తల త్రికోణంగా మెడ నుంచి విడిగా తెలుస్తుంది, తోక సన్నబడుతుంది, బెదిరిస్తే కుక్కర్ విజిల్ వేసే ముందు ఆవిరి చప్పుడులా బుస కొడుతుంది. మట్టిపాము మచ్చలు అడ్డదిడ్డంగా ఒకదాంట్లో ఒకటి కలిసిపోతాయి, తోక పొట్టిగా మొద్దుగా ఉంటుంది. ఎదురుగా ఉన్నది ఏదన్న అనుమానం రవ్వంత ఉన్నా చేత్తో ముట్టుకోకండి. మచ్చల్లేని ఎర్రపాము దుక్కిలో నాగలికి అడ్డం వచ్చినా చేతులు పెట్టకుండా పొడుగాటి కర్రతో మెల్లగా గట్టు పక్క గుల్ల మట్టిలోకి జరిపి పది అడుగులు వెనక్కి తగ్గండి. కాసేపు చుట్టలో కదలకుండా ఉంటుంది. తరవాత పారలాంటి మూతితో మట్టిని తోసుకుంటూ దిగుతుంది, చివరికి పైన మిగిలేది ఆ మొద్దు తోకే, అదీ ఒక్క నిమిషం.